రెండు గుంజల మధ్య పెద్ద ఫ్లెక్సీ: గాలికి ఏ కట్టు ఆగుతుంది, ఏది ఆగదు

గోడకి ఫ్లెక్సీ ఎవరైనా కడతారు. నాలుగు మేకులు, కాస్త బైండింగ్ వైరు ఉంటే పనైపోతుంది. వెనకాల గోడ ఉంటుంది కాబట్టి గాలి పెద్దగా ఏమీ చేయలేదు. గోడ లేని చోటే తంటా అంతా. కాలేజీ గ్రౌండులో, అమరావతి రోడ్డు మీద వెంచర్ గేటు దగ్గర, విజయవాడలో ఘాట్ పక్కన ఖాళీ స్థలంలో రెండు గుంజలు పాతి ఇరవై బై పది ఫ్లెక్సీ నిలబెట్టాలంటే తలా ఒక సలహా ఇస్తారు. ప్రింటింగ్ షాపతను ఐలెట్లు, అంటే అంచున తాడు దూర్చే ఇత్తడి రింగులు, వేయిస్తే చాలంటాడు. టెంట్ హౌస్ వాళ్ళు ఫ్రేమ్ కట్టిద్దాం అంటారు. హార్డ్‌వేర్ షాపులో తమ దగ్గరున్న తాడే గట్టిదంటారు. ఎవరి అనుభవం వాళ్ళది, తప్పు పట్టలేం. కానీ ఆ ముగ్గురిలో ఒక్కరూ గాలి ఎంత తోస్తుందో చెప్పరు. ఆ లెక్క తెలియకుండా తాడు, వైరు, ఫ్రేమ్ అని ఎంచుకోవడం గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

లెక్క చిన్నదే. గాలి వేగాన్ని సెకనుకి మీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, మళ్ళీ 0.6తో గుణిస్తే చదరపు మీటరుకి ఎన్ని న్యూటన్ల ఒత్తిడి పడుతుందో వస్తుంది. ఇంజినీర్లు వాడే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో ఉన్న సూత్రం ఇదే. ఫ్లెక్సీ చదునుగా ఎదురు నిలబడుతుంది కాబట్టి ఇంకో ఇరవై శాతం కలుపుకుంటే సరిపోతుంది. ఇరవై బై పది అంటే 200 చదరపు అడుగులు, అంటే 18.6 చదరపు మీటర్లు. గంటకి 40 కిలోమీటర్ల గాలి వీస్తే దాని మీద దాదాపు 170 కేజీల తోపు పడుతుంది. 60 కిలోమీటర్లకి అది 380 కేజీలు. 80కి వెళ్తే 675 కేజీల దగ్గర. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుందన్న మాట. ఫ్లెక్సీ బరువు చూస్తే అంతా కలిపి ఆరేడు కేజీలు. మోసేటప్పుడు తేలిగ్గా ఉందని కట్టు కూడా తేలిగ్గా వేస్తాం, చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

మరి ఎంత గాలికి సిద్ధపడాలి? విజయవాడకి ఐఎస్ 875 ఇచ్చిన మూల వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. అది యాభై ఏళ్ళలో ఒకసారి రాగల గాలికి, పదిమందీ ఉండే భవనాలకీ పర్మనెంట్ కట్టడాలకీ పెట్టిన లెక్క. మూడు రోజుల ఫ్లెక్సీని దానికి నిలబెట్టాలని ఎవరూ అనుకోరు. మనం చూసుకోవాల్సింది మే, జూన్‌లలో సాయంత్రం పూట దుమ్ము లేపుకుంటూ వచ్చే ఈదురుగాలిని. పొద్దంతా ఆకు కదలదు, నాలుగింటికి ఆకాశం నల్లబడుతుంది, పది నిమిషాల్లో షామియానాలు లేచిపోతాయి. అందుకని నేను 60 కిలోమీటర్లకి నిశ్చింతగా నిలబడేట్టు, 80 దాటితే ఎవరికీ దెబ్బ తగలకుండా విడిపోయేట్టు కట్టు చూసుకోమంటాను. తుపాను సంగతి వేరు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తీరం దాటింది బాపట్ల దగ్గరే, గుంటూరుకి కూతవేటు దూరం. అలాంటప్పుడు ఏ కట్టు మంచిదన్న చర్చే అక్కర్లేదు, దించేయడమే.

"నిశ్చింతగా నిలబడేట్టు, ఆ తర్వాత విడిపోయేట్టు" అన్నాను కదా, ఈ రెండో సగం మీదే నాకు పట్టింపు. అందరూ ఏది గట్టిది అనే అడుగుతారు. గాలి మితిమీరినప్పుడు ఏదో ఒకటి పోవడం ఖాయం. ఆ పోయేది చవకైన కేబుల్ టై (లాగితే బిగుసుకునే ప్లాస్టిక్ పట్టీ) అవ్వాలా, ఫ్లెక్సీ అవ్వాలా, గుంజ అవ్వాలా అన్నది కట్టేటప్పుడే మీరు తేల్చుకోవాలి. కింద చెప్పే పద్ధతులన్నిటినీ ఈ ఒక్క ప్రశ్నతోనే తూచి చూశాను.

నాలుగు మూలల కట్టు

ఊళ్ళో ఎక్కువగా కనిపించేది ఇదే. నాలుగు మూలల ఐలెట్లకి నాలుగు తాళ్ళు, రెండు గుంజలకి నాలుగు ముడులు, అయిపోయింది. మొత్తం 380 కేజీల తోపు నాలుగే రింగుల మీద పడుతుంది, అదీ వంకరగా. గాలి రోజు మధ్యాహ్నానికి ఒకసారి మూల రింగు దగ్గరికెళ్ళి చూడండి. గుండ్రటి కన్నం తాడు లాగే వైపు కోలగా సాగి ఉంటుంది. ఆ సాగిన చోట ప్రింటు చిట్లి తెల్లగా కనిపిస్తుంది. ఇంకాసేపటికి ఫ్లెక్సీ లోపలున్న పాలియెస్టర్ దారాలు ఒక్కొక్కటే తెగుతాయి. చివరికి ఇత్తడి రింగు తాడుకి వేలాడుతూ మిగులుతుంది, ఫ్లెక్సీ ఆ మూల వదిలేసి కొట్టుకోవడం మొదలుపెడుతుంది. ఒక మూల పోయాక మిగతా మూడూ గంట ఆగవు. ఆరు బై నాలుగు లోపు బ్యానరుకి, ఒకటి రెండు రోజులకైతే సరేననుకోండి. అంతకంటే పెద్దదానికి ఈ కట్టు వద్దు.

పైనొక తాడు, కిందొక తాడు

రెండు గుంజల మధ్య పైన ఒక తాడు, కింద ఒక తాడు అడ్డంగా లాగి, ఫ్లెక్సీ పొడవునా ఉన్న ఐలెట్లని ఆ తాళ్ళకి కట్టడం. అప్పుడు తోపు పాతిక ముప్ఫై రింగుల మీదకి పంచుకుపోతుంది. పెద్ద ఫ్లెక్సీకి అసలు పోటీలో ఉన్నవి ఈ పద్ధతిలోని రకాలే, కాబట్టి ఇక్కడ కాస్త ఆగి చూద్దాం.

ముందు ప్రింటింగ్ షాపులోనే చెప్పాల్సినవి రెండున్నాయి. ఆర్డర్ ఇచ్చేటప్పుడు "ఐలెట్లు వేయాలా అన్నా?" అని అడుగుతారు, "వేయండి" అంటే మూలలకీ మధ్యలో రెండు మూడు చోట్లా కొట్టి ఇచ్చేస్తారు. అడుగున్నరకి ఒకటి చొప్పున కొట్టమని గట్టిగా చెప్పండి. అంచుని రెండంగుళాలు మడిచి అతికించాక, ఆ మడత మీదే కొట్టాలి. ఒంటి పొర మీద కొట్టిన ఐలెట్ లెక్కలోకి రాదు. వీలైతే మడత లోపల సన్నటి తాడు పెట్టి అతికించమనండి, రింగు ఊడినా ఆ తాడు దగ్గర చిరుగు ఆగుతుంది.

ఇప్పుడు తాడా, వైరా? ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. వైరు గట్టిది కాబట్టి వైరే మంచిదనుకుంటారు. 6 ఎంఎం స్టీల్ వైర్ రోప్ తెగాలంటే సుమారు రెండు టన్నుల లాగుడు కావాలి, నిజమే. కానీ వైరు సాగదు. సాగకపోతే ఏమవుతుందో చూడండి.

60 కిలోమీటర్ల గాలికి మొత్తం తోపు 380 కేజీలు, పై దానికి సగం, కింది దానికి సగం, అంటే చెరో 190. ఇరవై అడుగుల పొడవులో ఆ తోపుకి తాడు నడిమధ్య ఒక అడుగు బొజ్జలా వంగితే, తాడు తన రెండు కొసల్లో గుంజని లాగే బలం 475 కేజీలు. రెండడుగులు వంగితే 240 కేజీలే. అరడుగు మాత్రమే వంగేట్టు బిగించారనుకోండి, 950 కేజీలు. గాలి అదే, ఫ్లెక్సీ అదే. బిగించిన కొద్దీ గుంజ మీద లాగుడు పెరిగిపోతుంది. చూడ్డానికి నీటుగా ఉంటుందని టర్న్‌బకిల్ (తిప్పితే వైరు బిగిసే మర) పెట్టి కసిగా బిగించేవాళ్ళు తమ గుంజని తామే పడగొట్టుకుంటున్నారని దీని అర్థం.

రెండడుగులు వంగాలంటే తాడు ఎంత సాగాలో తెలుసా? ఇరవై అడుగులకి ఆరున్నర అంగుళాలు. నైలాన్ తాడు ఆ మాత్రం తేలిగ్గా సాగి, గాలి తగ్గగానే మళ్ళీ లాక్కుంటుంది. వైరు సాగదు కాబట్టి ఆ అంగుళాలు గుంజే ఒరిగి ఇవ్వాలి. నాలుగైదు రోజుల కార్యక్రమానికి అందుకే నేను 10 ఎంఎం నైలాన్ తాడుకి ఓటేస్తాను. దాని తెగే బలం కూడా రెండు టన్నుల దగ్గరే ఉంటుంది. ముడి వేసిన చోట సగం పోయిందనుకున్నా ఇంకా టన్ను మిగులుతుంది, మనకి పడేది పావు టన్ను.

కాకపోతే నైలాన్ అని అడిగితే నైలానే ఇస్తారన్న గ్యారంటీ లేదు. నీలం, పసుపు రంగుల్లో గరుకుగా మెరిసే ప్లాస్టిక్ తాడుని కూడా మన దగ్గర నైలాన్ తాడే అంటారు. అనుమానం వస్తే జానెడు ముక్క కోసి బకెట్ నీళ్ళలో తడిపి వేయండి. మునిగితే నైలాన్, తేలితే పాలీప్రొపిలీనో అలాంటి మరో ప్లాస్టిక్కో. తేలే తాడు పనికిరాదని కాదు, కానీ మన ఎండకి తొందరగా పొట్టు రాలడం మొదలుపెడుతుంది, ముడి కూడా జారుతుంది. ఒంటి వరస ముడి వేసి వదిలేస్తే తెల్లారేసరికి వదులైపోతుంది. కొబ్బరి తాడు, నులక తాడు ఈ పనికి అసలు వద్దు. నైలాన్‌కీ ఒక లోపముంది. వానకి తడిస్తే కాస్త పొడవు పెరుగుతుంది, బలం పది శాతం దాకా తగ్గుతుంది. వాన వెలిశాక ఒకసారి వెళ్ళి బిగించుకోవాలి.

ఆ బిగింపుకి లారీల మీద పట్టాలు కట్టేవాళ్ళు వేసే ముడిని మించింది లేదు. తాడు మధ్యలో ఒక చిన్న మెలిక వేసి కన్నులా చేస్తారు. కొసని గుంజ చుట్టూ తిప్పి తెచ్చి ఆ కన్నులోంచి లాగితే, ఒక్క మనిషి లాగినా తాడు రెండు మూడింతల బలంతో బిగుస్తుంది. పట్టు వదలకుండా కన్ను దగ్గర వేళ్ళతో నొక్కిపట్టి, కొసతో రెండు సగం ముడులు వేస్తారు. ఆ సగం ముడిలో చివరిది లూప్‌గా వదిలితే, విప్పేటప్పుడు కొస పట్టుకుని ఒక్క గుంజు గుంజితే చాలు. ఆటోనగర్‌లో ఏ లోడింగ్ దగ్గరైనా రెండు నిమిషాలు నిలబడితే చూపిస్తారు. పదిసార్లు వేసి చూస్తే చేతికొచ్చేస్తుంది.

వైర్ రోప్ వద్దని నేననడం లేదు. నెలల తరబడి ఉండాల్సిన బ్యానర్లకి, వెంచర్ల దగ్గరవాటికి, గుంజలు కాంక్రీటులో పాతిన ఇనప స్తంభాలైనప్పుడు వైరే సరైనది. ఎండకి పాడవదు, ఎలుక కొరకదు, ఎవరూ కోసుకుపోరు. అయితే కొసలో వేసే యూ క్లిప్పులు ఎటు తిప్పాలో చాలామందికి తెలియదు. వైరుని మడిచి తెచ్చాక బరువు మోసేది పొడుగు వైరు, మిగిలింది పొట్టి కొస. క్లిప్పు దిమ్మె పొడుగు వైరు మీద కూర్చోవాలి, యూ బోల్టు పొట్టి కొసని నొక్కాలి. తిరగేసి వేస్తే బోల్టు పొడుగు వైరునే నలిపేసి అక్కడే తెంపుతుంది. 6 ఎంఎం వైరుకి మూడు క్లిప్పులు, మడత లోపల వైరు నలగకుండా థింబుల్ అనే ఇనప గాడి ఉండాలి. టర్న్‌బకిల్ బిగించాక గాలి ఊపుకి అదంతట అదే విప్పుకుపోకుండా మధ్యలో బైండింగ్ వైరు దూర్చి కట్టేయండి. వైరుకి రెండు కొసల్లో మూడేసి అడుగుల నైలాన్ తాడు జత చేస్తే పైన చెప్పిన సాగుడు కొంత దొరుకుతుంది. వైరు వాడేవాళ్ళకి ఇదొక్కటి తప్పక చేయమంటాను.

ఎనిమిదో నంబరు జీఐ వైరు సంగతేంటని అడుగుతారు. వెంచర్లలో కంచెకి తెచ్చింది మిగిలి ఉంటుంది కదా. ఒంటి తీగ, మెలిపెట్టిన చోట బలం పోతుంది, నాలుగు రోజులు అటూ ఇటూ వంగితే ఆ మెలిక దగ్గరే పుటుక్కున తెగుతుంది. స్టేకి, అంటే గుంజ ఒరగకుండా పైనుంచి నేలకి లాగి కట్టే దానికి పర్వాలేదు, అడ్డంగా కట్టే దానికి వద్దు.

ఐలెట్లకి ఏం కట్టాలి

పై అంచున ఒక్కో ఐలెట్‌ని విడివిడిగా నైలాన్ ముక్కతో పై తాడుకి కట్టండి. పొడుగు తాడుని సూదీ దారంలా మొత్తం ఐలెట్లలోంచి చుట్టుకుంటూ పోవడం తొందరగా అయిపోతుంది, కానీ ఒక్క చోట తెగితే మొత్తం జారిపోతుంది.

కింది అంచుకి మాత్రం కేబుల్ టైలు వేయండి. 4.8 ఎంఎం వెడల్పు టై దాదాపు 22 కేజీలకి తెగుతుంది. కింది అంచున అడుగున్నరకొకటి చొప్పున పద్నాలుగు ఐలెట్లుంటాయి. 60 కిలోమీటర్ల గాలికి ఒక్కోదాని మీద పడేది పదమూడు, పద్నాలుగు కేజీలు. అంటే నిలబడతాయి. గాలి 75, 80 దగ్గరికి వచ్చేసరికి టైలు వరసగా తెగుతాయి. కింది అంచు వదిలేస్తుంది, ఫ్లెక్సీ పైకి లేచి గాలిని కిందనుంచి పోనిస్తుంది, గుంజల మీద లాగుడు ఒక్కసారిగా తగ్గిపోతుంది. మీకు పోయేది పద్నాలుగు టైలు. కింది రెండు మూలలకి మాత్రం రెండడుగుల వదులుతో ఒక తాడు కట్టి ఉంచండి, విడిపోయిన ఫ్లెక్సీ ఎవరి ముఖానికీ కొట్టుకోకుండా. టైలు నల్లవే కొనండి, తెల్లవి ఎండకి పెళుసెక్కి ఉత్త పుణ్యానికి తెగుతాయి.

టైలకి బదులు పాత సైకిల్ ట్యూబుని అంగుళం వెడల్పు రింగులుగా కోసి వాడేవాళ్ళున్నారు. మామూలు గాలికి అవి భలే పనిచేస్తాయి, ఫ్లెక్సీ టపటపా కొట్టుకోదు, ఐలెట్ మీద దెబ్బ పడదు. కానీ ఏ రింగు ఎంతకి తెగుతుందో చెప్పలేం. ట్యూబు రింగు ఐలెట్‌లో దూర్చి, దాన్ని కేబుల్ టైతో తాడుకి కడితే రెండూ కలిసొస్తాయి.

ఫ్రేమ్, పైపు పాకెట్

చెక్క రీపర్లతోనో ఇనప పైపులతోనో ఫ్రేమ్ చేసి, దానికి ఫ్లెక్సీ బిగించి, ఫ్రేముని గుంజలకి కట్టడం. ముడత లేకుండా ఉంటుంది, ఫొటోలో బాగా పడుతుంది, స్టేజీ వెనకాల గాలి తగలని చోట దీనికి సాటి లేదు. ఆరుబయట మాత్రం నేను ఒప్పుకోను. ఫ్రేమ్ వంగదు, గాలికి దారివ్వదు, పోయేటప్పుడు ఏ చిన్న ముక్కా ముందు తెగదు. మొత్తం ఫ్రేమ్ మేకులతో, పైపులతో సహా ఒక్కసారే కింద పడుతుంది. 2019 సెప్టెంబరులో చెన్నైలో స్కూటీ మీద వెళ్తున్న ఒక యువ ఇంజినీరు మీద రోడ్డు మధ్యలో పెట్టిన బ్యానర్ పడి, వెనకొచ్చిన లారీ కింద ఆమె చనిపోయిన సంగతి గుర్తుండే ఉంటుంది. జనం, బళ్ళు తిరిగే చోట ఫ్రేమ్ పెట్టాల్సిందేనంటే దాన్ని లెక్క కట్టాల్సింది ఇంజినీరు, టెంట్ హౌస్ కాదు.

పైపు పాకెట్ అంటే ఫ్లెక్సీ పైనా కిందా గొట్టంలా మడిచి అతికించి అందులో జీఐ పైపు దూర్చడం. తోపు పొడవంతా సమానంగా పడుతుంది, ఐలెట్ చిరిగే బాధ లేదు. పది అడుగుల లోపు వెడల్పుకి ఇది మంచి ఎంపిక. ఇరవై అడుగులకి పైపు మధ్యలో జాయింట్ పడుతుంది, అది వంగుతుంది, పైగా ఇరవై కేజీల పైపు తలల మీద వేలాడుతూ ఉంటుంది. దీని గురించి ఇంతకన్నా చెప్పేదేం లేదు.

కన్నాలు కోయడం, మెష్, గుడ్డ

గాలి పోవడానికని ఫ్లెక్సీలో అక్కడక్కడా అర్ధచంద్రాకారంలో కోస్తారు. మన ఊళ్ళలో ఇది ఆచారంలా అయిపోయింది. పెద్ద ఫ్లెక్సీకి పది పదిహేను కోతలు పెట్టినా తెరుచుకునే జాగా మొత్తంలో ఏ రెండు మూడు శాతమో. తోపు తగ్గేది కూడా ఆ మాత్రమే, కానీ ప్రతి కోత చివరా ఒక చిరుగు మొదలవడానికి సిద్ధంగా ఉంటుంది. నాయకుడి ముఖం మీద కోస్తే వచ్చే గొడవ సరేసరి. కోయకండి.

నిజంగా గాలి పోవాలంటే మెష్ ఫ్లెక్సీ ఉంది, జల్లెడలా సన్నటి కన్నాలతో వస్తుంది. ప్రింటు కాస్త వెలిసినట్టు కనిపిస్తుంది, దగ్గరనుంచి చదివే చిన్న అక్షరాలకి పనికిరాదు, ధర మామూలు ఫ్లెక్సీ కంటే ఎక్కువే. కృష్ణ ఒడ్డున, పొలాల మధ్య వెంచర్లలో, ఎత్తు మీద పెట్టేవాటికి ఆ అదనపు డబ్బు దండగ కాదు. మెష్ వేశామని తాడు సన్నది వేసుకోకండి, కన్నాలున్నా తోపు సగానికేం పడిపోదు. గుడ్డ బ్యానర్లు 2022లో రాష్ట్ర ప్రభుత్వం ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధం ప్రకటించినప్పుడు మళ్ళీ మాటలోకొచ్చాయి. గుడ్డ తడిస్తే బరువెక్కుతుంది, గాలి తోపులో మాత్రం ఫ్లెక్సీకీ దానికీ పెద్ద తేడా ఉండదు.

వీటన్నిటికంటే చవకైన ఉపాయం ఇంకోటుంది, ఎవరూ వినరు. ఇరవై బై పది ఒకటి కాకుండా పది బై ఎనిమిది రెండు వేయించి, మధ్యలో మూడో గుంజ పాతండి. ఒక్కో తాడు మీద తోపు సగానికి పైగా తగ్గుతుంది. ఒకటి పోయినా రెండోది నిలబడుతుంది.

గుంజలు, నేల

కట్టు ఎంత బాగున్నా చివరికి బరువంతా గుంజ మొదట్లోనే పడుతుంది. పై తాడు పదమూడు అడుగుల ఎత్తులో 240 కేజీలతో లాగుతుంటే, రెండంగుళాల జీఐ పైపు ఒంటరిగా నిలబడదు, మొదట్లో వంగిపోతుంది. సరివి కర్రలైనా అంతే, విరగకపోతే పెకిలి వస్తాయి. స్టే లేకుండా ఏ గుంజా పనికిరాదు. ఒక్కో గుంజకి రెండు స్టేలు, బయటి వైపుకి, వి ఆకారంలో ముందుకొకటి వెనక్కొకటి వెళ్ళేట్టు వేయండి. గాలి ఏ వైపు నుంచి తిరిగినా అప్పుడు ఒకటి పట్టుకుంటుంది. స్టే పై తాడు కట్టిన ఎత్తు నుంచే రావాలి, సగం ఎత్తులో కడితే గుంజ ఆ పైన విరుగుతుంది. పద్దెనిమిది అడుగుల కర్రని నాలుగడుగులన్నా పాతాలి. జనం కిందనుంచి నడవని చోటైతే ఫ్లెక్సీని మూడడుగుల ఎత్తుకి దించేయండి. ఎత్తు తగ్గిన ప్రతి అడుగూ గుంజకి మేలే.

గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి నేలలో ఒక తిరకాసు ఉంది. ఎండాకాలం గునపం దిగనంత గట్టిగా ఉంటుంది, కొట్టిన మేకు కదలదు. ఒక్క మంచి వాన పడితే అదే నేల వెన్నలా జారిపోయి మేకు చేత్తో ఊడి వస్తుంది. అక్కడ గుంట తీసి కంకర రాళ్ళు దట్టించి పాతాలి, స్టే మేకుల్ని మూడడుగుల ఇనప ఊచలతో, ఒకదాని వెనక ఒకటి రెండేసి, గుంజకి దూరంగా వాలేట్టు కొట్టాలి. విజయవాడలో ఏటి పక్కన ఇసుక నేలకి ఊచలు చాలవు. మూడడుగుల చెక్క దుంగకి స్టే కట్టి, దాన్ని అడ్డంగా గోతిలో పడుకోబెట్టి పూడ్చేస్తే ఆ పైనున్న ఇసుక బరువే పట్టుకుంటుంది.

సిమెంటు నేల మీద, గుంతలు తవ్వనివ్వని చోట డ్రమ్ములు పెడతారు. రెండొందల లీటర్ల డ్రమ్ములో నీళ్ళు నింపితే 200 కేజీలు, ఇసుక నింపితే 320 దాకా వస్తుంది. బరువుగానే కనిపిస్తుంది. కానీ నలభై అయిదు డిగ్రీల స్టే డ్రమ్ముని పక్కకి ఎంత లాగుతుందో పైకి కూడా అంతే లేపుతుంది, అప్పుడు నేలకి దాని పట్టు పోతుంది. 240 కేజీల లాగుడుకి లెక్క కడితే 700 కేజీల పైన కావాలి, అంటే ఒక్కో గుంజ వైపూ ఇసుక డ్రమ్ములు మూడు, ఒకదానికొకటి కట్టి. అంత సరంజామా కుదరకపోతే అక్కడ పెద్ద ఫ్లెక్సీ ఆలోచన మానుకోవడమే నయం.

కరెంటు స్తంభాలు

సిద్ధంగా నిలబడి ఉన్నాయి కదా అని కరెంటు స్తంభానికో, వీధిదీపం స్తంభానికో కట్టేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఇందులో పోల్చి చూడ్డానికేమీ లేదు, కట్టకూడదు. 2023 జులైలో నరసరావుపేటలో ఒక సినిమా హీరో పుట్టినరోజుకి ఫ్లెక్సీ కడుతూ, దాని ఇనప ఊచ పైనున్న కరెంటు తీగకి తగిలి ఇద్దరు విద్యార్థులు చనిపోయారు. గుంజ ఎటు ఒరిగినా, ఫ్లెక్సీ తెగి ఎగిరినా తీగలకి అందని దూరంలో ఉండేట్టు చోటు చూసుకోండి. గుంజ పొడవుకి ఇంకో పది అడుగులు కలుపుకుంటే ఆ దూరం వస్తుంది. పైపుని నిలబెట్టేటప్పుడు ఒక మనిషి పనేమీ చేయకుండా పైకి చూస్తూ ఉండటానికే ఉండాలి. రోడ్డుకి అడ్డంగా కట్టడం కూడా ఈ లెక్కలోదే, పైగా నగరపాలక సంస్థ అనుమతి లేనిదే ఎక్కడా కట్టకూడదు.

మీకేది?

రెండు మూడు రోజుల సభకో పెళ్ళికో అయితే, ఇరవై బై పది మామూలు ఫ్లెక్సీ, 10 ఎంఎం నైలాన్ తాళ్ళు రెండు, పైన నైలాన్ ముక్కలు, కింద కేబుల్ టైలు, గుంజకి రెండు స్టేలు చాలు. దసరా తొమ్మిది రోజులకి కూడా ఇదే, కానీ అక్టోబరు వానలు ఉంటాయి కాబట్టి రోజూ పొద్దున ఒకరు వెళ్ళి తాళ్ళు బిగించి, కన్నాలు కోలగా సాగాయేమో చూడాలి. నెల దాటే వాటికి కాంక్రీటులో పాతిన ఇనప స్తంభాలు, వైర్ రోప్, కొసల్లో నైలాన్, వీలైతే మెష్. డబ్బు తక్కువుంటే ఫ్లెక్సీ సైజు తగ్గించండి గానీ స్టేలు తగ్గించకండి. రేటు మాట్లాడేటప్పుడు టెంట్ హౌస్ వాళ్ళతో స్టేలు, మేకులు కలిపే మాట్లాడుకోండి. లేకపోతే కార్యక్రమం రోజు "స్టేలకి వేరే అవుతుందండీ" అంటారు, అప్పటికి మీకు బేరమాడే ఓపిక ఉండదు.

ఏది ఎంచుకున్నా పై తాడుని గుంజకి నేరుగా ముడేయకుండా ఒక వైపు కప్పీ పెట్టి, దాని మీదుగా కిందికి తెచ్చి, నిలబడితే చేతికందే ఎత్తులో కట్టుకోండి. నూతి కప్పీ వద్దు, ఇనపసామాను కొట్లో ఇనప చక్రం ఉన్నదే అడగండి. విపత్తుల నిర్వహణ సంస్థ నుంచి పిడుగులు, ఈదురుగాలుల హెచ్చరిక ఫోన్‌కి వచ్చిందంటే, నిచ్చెన వేసి పైకెక్కకుండానే ఇద్దరు మనుషులు నిమిషంలో ఫ్లెక్సీ దించేయగలరు. కింది టైలు కోయడానికి ఒక కత్తెర అదే గుంజకి దారంతో కట్టి ఉంచండి. రాత్రి కాపలా ఉండే మనిషికి ఏ తాడు విప్పాలో పగలే ఒకసారి చేయించి చూపించండి.